కరెంటు ఎవరి దగ్గర కొనాలో నగరం ఎంచుకోవచ్చా?

ప్రశ్న: ఇంజినీరుగారికి నమస్కారం. మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటున్నాడు. వాళ్ల ఊళ్లో ఇళ్లన్నిటి తరఫునా నగరమే బేరమాడి కరెంటు కొంటుందట. తీగలు, స్తంభాలు మాత్రం పాత కంపెనీవేనట. మన నగరపాలక సంస్థ నీటి పంపులకు, వీధి దీపాలకు ఒక్క డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) దగ్గరే ఎందుకు కొనాలి? మేమైనా సిమ్ మార్చుకున్నట్టు కంపెనీ మార్చుకోలేమా? మా కాలనీ సంఘం తరఫున కమిషనర్‌గారికి అర్జీ ఇవ్వాలనుకుంటున్నాం. ఏమని రాయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది నిజమే. కాలిఫోర్నియాలో 2002లో అందుకు చట్టం చేశారు. ఊరంతా ఒక్క గుంపుగా కొంటుంది, ఇష్టం లేనివారు తప్పుకోవచ్చు. మన దగ్గర ఇళ్ల తరఫున నగరం అలా కొనే ఏర్పాటు లేదు. ముంబయిలో కొన్ని ప్రాంతాల్లో రెండు కంపెనీలకు లైసెన్సులు ఉన్నాయి కనుక అక్కడి ఇళ్లవారు టాటా నుంచి అదానీకి, అదానీ నుంచి టాటాకు మారగలరు. మన జిల్లాల్లో పంపిణీ సంస్థ ఒక్కటే. కాబట్టి సిమ్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

నగరపాలక సంస్థ సొంత వాడకం మాత్రం వేరే లెక్క. 2003 విద్యుత్ చట్టం ఒక మెగావాటు (వెయ్యి కిలోవాట్లు) దాటిన వినియోగదారుడికి బయట కొనుక్కునే దారి తెరిచింది. దాన్నే ఓపెన్ యాక్సెస్ అంటారు. చాలా పంపు హౌసులకు ఆ హద్దు అందేది కాదు. 2022లో కేంద్రం తెచ్చిన హరిత విద్యుత్ నియమాలు దాన్ని 100 కిలోవాట్లకు దించాయి. మరుసటి ఏడాది సవరణతో ఒకే విద్యుత్ డివిజన్‌లో ఉన్న కనెక్షన్లన్నీ కలిపి 100 కిలోవాట్లు వచ్చినా చాలన్నారు. అంటే పంపు హౌసు, మురుగునీటి శుద్ధి కేంద్రం, కార్యాలయ భవనం కలిపి ఒకే పద్దుగా చూపించి, సౌర విద్యుత్తో పవన విద్యుత్తో నేరుగా ఉత్పత్తిదారు దగ్గర కొనవచ్చు. మీ అర్జీకి ఆధారం ఇదే.

అయితే అర్జీలో మొదటి వాక్యం అది కాకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముప్పయ్యేళ్ల కిందట డెల్టాలో ఒక చిన్న మునిసిపాలిటీ పంపు హౌసులో పనిచేశాను. మూడు మోటార్లు, ఒక్కొక్కటీ 60 హార్స్ పవర్. రీడింగు పుస్తకం నూనె మరకలతో తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉండేది. నేను చేరేటప్పటికే మూడో మోటారు కాలిపోయి, దాని దిమ్మ మీద బ్లీచింగ్ పౌడరు సంచులు పేర్చి ఉన్నాయి. విద్యుత్ బోర్డుతో ఒప్పందం మాత్రం మూడు మోటార్లకూ కలిపి 150 కేవీఏకు ఉంది (కేవీఏ అంటే ఒక్కసారిగా లాగే కరెంటుకు కొలత). మీటరులో గరిష్ఠ డిమాండు నెలనెలా 100 దగ్గరే ఆగేది. ఒప్పందంలో 80 శాతానికి, అంటే 120కి, వాడినా వాడకపోయినా కట్టాలి. లేని మోటారు కోసం నెలకు 20 కేవీఏకు ఊరి జనం పన్ను కట్టారు, ఒక నెల కాదు, నాలుగేళ్లు. ఒక్క ఉత్తరంతో సరిపోయే పని. ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్న రాత్రి నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. బిల్లు చదవని ఊరు కంపెనీ మార్చినా నష్టపోతుంది.

రెండోది వేళ. మీ కాకినాడకు గోదావరి నీరు కాలువ మీదుగా వస్తుంది. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తే సామర్లకోట, అరట్లకట్ట చెరువుల్లో నింపుకున్న నీళ్లే దిక్కు. ఆ నీళ్లను ఎత్తి పోయడానికే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు అంటే నీటి రూపంలో దాచిన కరెంటే, అమ్మా! మధ్యాహ్నం ఎండలో సౌర విద్యుత్తుతో నింపుకుంటే సాయంత్రం పంపు ఆపినా కుళాయి వస్తుంది. వీధి దీపాలకు ఆ వీలు లేదు, అవి వెలిగేది రాత్రి. పగటి యూనిట్లు గ్రిడ్‌లో దాచి రాత్రి వాడుకునే బ్యాంకింగ్ ఉంది కానీ దానికి చార్జీ ఉంటుంది, నెలాఖరుకు మిగిలినవి రద్దయిపోతాయి. అందుకని సౌర ఒప్పందానికి పంపులతో మొదలుపెట్టమనండి, దీపాలతో కాదు.

ఇక ధర. ఉత్పత్తిదారు చెప్పే యూనిట్ ధర చూసి సంబరపడకండి. దాని మీద తీగల అద్దె, దారిలో పోయే నష్టాలు, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి పడతాయి. ఈ చివరిదాన్ని దోపిడీ అనేవారితో నేను ఏకీభవించను. ఎక్కువ ధర కట్టే పెద్ద వినియోగదారుడు బయటికి వెళ్లిపోతే తక్కువ ధర కట్టేవాడి భారం ఎవరు మోస్తారు? తెల్లవారుజామున మూడు గంటలకు రొయ్యల చెరువులో ప్రాణవాయువు పడిపోతుంది. ఆ వేళ నీటికి గాలి పట్టించే ఏరియేటరు అరగంట ఆగితే తెల్లారేసరికి రొయ్య గట్టు వెంబడి తేలుతుంది. ఆ రైతుకు రాయితీ కరెంటు నిలబడేది కొంత ప్రభుత్వ సొమ్ముతో, కొంత ఇలాంటి సర్‌చార్జీలతో. నగరం తన వాటా కట్టే బయటికి వెళ్లాలి. అది కట్టాక కూడా మిగిలితేనే లాభం.

ఎంపిక అనేది మన డెల్టాకు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్టకు పడమటి కొసన విజ్జేశ్వరంలో గ్యాస్ విద్యుత్ కేంద్రాన్ని పరిశ్రమలు వాటాలు పెట్టి కట్టుకున్నాయి, వాటాను బట్టి కరెంటు తీసుకున్నాయి. తర్వాత కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ తగ్గిపోయి ఈ తీరంలో ఎన్నో కేంద్రాలు ఇంధనం లేక ఆగాయి. అందుకే ఒప్పందంలో ‘సరఫరా ఆగితే ఏం చేస్తారు’ అన్న పేజీని ధర పేజీ కంటే ముందు చదవమంటాను.

ఉదాహరణ కావాలంటే ఇండోర్‌ను చూపించండి. అక్కడి నగరపాలక సంస్థ నర్మద నీళ్లను దూరం నుంచి ఎత్తి తెచ్చుకుంటుంది. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి 2023 ఫిబ్రవరిలో 244 కోట్ల రూపాయల హరిత బాండ్లు జారీ చేసి, 60 మెగావాట్ల సౌర కేంద్రానికి పూనుకుంది. బాండ్లు మామూలు జనం కూడా కొన్నారు.

మీ ఇంటికైతే పైకప్పు ఉంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు సబ్సిడీ వస్తుంది. కొబ్బరి చెట్టు నీడ పడని చోటు చూసుకోండి.

అర్జీలో ఇలా రాయండి: గత పన్నెండు నెలల హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లులు, ఒక్కో కనెక్షన్ ఒప్పంద డిమాండు, నమోదైన డిమాండు, పంపులు నడిచిన గంటలు ప్రజల ముందు పెట్టాలి, ఆపైన హరిత విద్యుత్ కొనుగోలుకు టెండరు పరిశీలించాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఆ బిల్లుల నకళ్లు చేతికొచ్చాక పత్రిక చిరునామాకు ఒక సెట్టు పంపండి. ఎర్ర పెన్సిలుతో నేనూ చూస్తాను.