ముందు ఆ చిన్న తెర ముందు కూర్చో

తమ్ముడికి,

వర్చువల్ మెషిన్‌లో ఉబుంటు లినక్స్ తెర చిన్నగా వస్తే పెద్దది చేసుకోవడం ఎలాగో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకసారి పడక్కుర్చీలో, రెండోసారి వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) తెరిచిపెట్టుకుని. ఇలాంటి వ్యాసానికి రెండోదే అసలు చదవడం. కొత్త మెషిన్ ఒకటి తయారుచేసి, నువ్వు రాసిన ఉబుంటు 20.04నే ఎక్కించబోయాను. తెర 800×600లో వచ్చింది. నువ్వేమో "కింద కుడివైపున్న ఇన్‌స్టాల్ నౌ నొక్కండి" అన్నావు. నాకు ఆ కింద కుడివైపు అనేదే కనబడలేదు. ఇన్‌స్టాలర్ అడుగుభాగం తెర దాటి కిందికి పోయింది, దాంతోపాటే ఆ బటనూ. ఆల్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే విండో మౌస్ వెంట కదులుతుంది. పైకి జరిపితే బటన్ బయటపడుతుంది. నీ పాఠకుడికి మొట్టమొదట కావలసిన ముక్క ఇది, వ్యాసం మొత్తంలో ఎక్కడా లేదు.

ఎందుకు లేదో చెప్పగలను. అంతా సరిచేసుకున్నాక, పెద్ద తెర ముందు తీరిగ్గా కూర్చుని, గుర్తున్నంత మేరకు రాశావు. నేనూ అలాగే రాసేవాణ్ణి. గెస్ట్ అడిషన్స్ మీద, అంటే వర్చువల్ మెషిన్ లోపల ఎక్కించే వర్చువల్‌బాక్స్ సాయం ప్రోగ్రామ్‌ల మీద, నా మొదటి వ్యాసంలో, డివైసెస్ మెనూలోంచి సీడీ పెట్టండి, రన్ చేయండి, రీస్టార్ట్ చేయండి, అంతే అని రాసిపారేశాను. నా మెషిన్‌లో నిజంగానే అంతే. వాటిని బిల్డ్ చేయడానికి కావలసిన జీసీసీ, మేక్, కెర్నల్ హెడర్స్ ఏనాడో వేరే పని మీద ఎక్కించి మరిచిపోయాను మరి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ళ దగ్గర అవన్నీ ఉండవు. గెస్ట్ అడిషన్స్ మాడ్యూల్స్ (కెర్నల్‌కి, అంటే సిస్టమ్ గుండెకాయకి, తగిలించే ముక్కలు) బిల్డ్ కాలేదు, తెర వెంట్రుకవాసి కూడా పెరగలేదు. వారం రోజులు చీవాట్లు తిన్నాను. అప్పటినుంచి ఏది రాసినా, ఏమీ ఎక్కించని మెషిన్‌కి స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో ఉన్నదున్నట్టు ఒక నకలు, తీసి పెట్టుకుంటాను. రాయడం అయ్యాక దాన్ని వెనక్కి తెచ్చి, ఇంకెవరో రాసింది చదువుతున్నట్టు నా వాక్యాలనే పట్టుకుని చేస్తాను. చాలాసార్లు రెండో పేరాలోనే నా బండి ఆగిపోతుంది.

ఇక కారణం సంగతి. నీ వ్యాసంలో పదకొండు కమాండ్లున్నాయి, తెర ఎందుకు చిన్నదయిందో ఒక్క వాక్యం లేదు. అసలు మానిటర్ అయితే కేబుల్ తగిలించగానే తన కొలతలు తనే కంప్యూటర్‌కి చెప్పుకుంటుంది, దాన్నే ఈడీఐడీ అంటారు. వర్చువల్ మెషిన్‌కి అలాంటి మానిటర్ ఎక్కడిది? ఉన్నది నీ డెస్క్‌టాప్ మీద ఒక విండో, దాన్ని నువ్వు ఎంతకైనా లాగుతావు. కొలతలిచ్చే మనిషి లేకపోతే దర్జీ ఏం చేస్తాడు, ఏదో ఒక సైజు కుట్టి చేతిలో పెడతాడు. ఆ సైజే 800×600. విండోని లాగినప్పుడల్లా కొత్త కొలత లోపలికి చేరవేసే మనిషి గెస్ట్ అడిషన్స్. ఇది అర్థమైతే, కెర్నల్ అప్‌డేట్ తర్వాత తెర మళ్ళీ ముడుచుకుపోయినా పాఠకుడు కంగారుపడడు. మాడ్యూల్స్ కొత్త కెర్నల్‌కి మళ్ళీ బిల్డ్ కావాలని ఊహించగలడు.

"వీడియో మెమరీ 128 ఎంబీ చేయండి" అన్నావు. ఎందుకు? లెక్క వేసి చూపించు. 1920×1080 తెరకి ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, మొత్తం 82,94,400 బైట్లు. ఒక ఎంబీ అంటే 10,48,576 బైట్లు కాబట్టి ఇది 8 ఎంబీ లోపే, 16 ఎంబీలో సుఖంగా పడుతుంది. అదే 3840×2160 అయితే 3,31,77,600 బైట్లు, 16లో పట్టే ప్రశ్నే లేదు. ఎవరికి పెంచాలో ఎవరికి అక్కర్లేదో అక్కడే తేలిపోతుంది. గ్రాఫిక్స్ కంట్రోలర్ (వర్చువల్ మెషిన్‌కి ఇచ్చే ఉత్తుత్తి గ్రాఫిక్స్ కార్డు) మార్చమన్న మాట మాత్రం చివరికి నెట్టెయ్. వర్చువల్‌బాక్స్ 6.0 నుంచి లినక్స్ మెషిన్లకి వీఎంఎస్‌వీజీఏ అనే కంట్రోలర్ దానంతటదే వస్తుంది. వచ్చినదాన్ని కదిలించడం ఇంకేదీ పనిచేయనప్పటి మాట.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఎక్స్‌ర్యాండర్ (తెర కొలత మార్చే కమాండ్) భాగం. సీవీటీ కమాండ్ లెక్కగట్టి ఇచ్చిన 173.00తో మొదలయ్యే ఆ అంకెల దండ అంతా తప్పులేకుండా ఎక్కించావు, ఓపికకి మెచ్చుకోవాలి. కానీ అది తెరమీద బొమ్మ చూపించే పాత పద్ధతి ఎక్స్‌ఆర్గ్ సెషన్‌కే పనికొస్తుంది. 20.04లో డిఫాల్ట్ అదే కాబట్టి నీకు నడిచింది. 22.04 నుంచి మామూలుగా వచ్చేది కొత్త పద్ధతి వేలాండ్, అక్కడ ఈ దండ వృథా. పైగా లాగౌట్ అయితే పెట్టిన మోడ్ ఎగిరిపోతుంది, ఆ మాటా చెప్పలేదు. 20.04కి మామూలు సపోర్ట్ 2025లోనే ముగిసింది. వ్యాసాన్ని 24.04 మీదికి మార్చు, ఈ భాగం దానంతటదే రెండు వాక్యాలకి తగ్గుతుంది.

భాష గురించి ఒక్క మాట. హోస్ట్‌ని ఆతిథేయి అని, గెస్ట్‌ని అతిథి అని రాశావు. ముచ్చటగా ఉంది. కానీ రాత్రి పదకొండింటికి, తెల్లారితే ల్యాబ్ పరీక్ష పెట్టుకున్న కుర్రాడు ఆ రెండు మాటల్నీ తేడా పట్టి చదువుతాడా? లోపల నడపాల్సిన కమాండ్‌ని బయట నడిపేస్తాడు. "బయటి సిస్టమ్", "లోపలి సిస్టమ్" అను చాలు. రిజల్యూషన్‌ని స్పష్టత అనడమూ మానేయ్. మెనూలో వాడికి కనబడే మాట రిజల్యూషనే, వెతుక్కునేదీ అదే.

వర్చువల్‌బాక్స్ బదులు వీఎంవేర్ వాడేవాళ్ళకి ఓపెన్ వీఎం టూల్స్ డెస్క్‌టాప్ ప్యాకేజీ, కేవీఎం వాళ్ళకి స్పైస్ వీడీఏజెంట్ అని చివర్లో ఒక వాక్యం పడేస్తే సరిపోతుంది. ఆ మూడూ ఒకే వ్యాసంలో కలిపి వండకు.

స్క్రీన్‌షాట్లన్నీ సరైపోయిన తెరవే పెట్టావు, ఫోటో స్టూడియో గోడలా ఉంది. తిరగరాసి పంపేటప్పుడు మొదటి బొమ్మగా బటన్ కనబడని ఆ చిన్న తెరనే పెట్టు.

ఉంటాను,
అన్నయ్య