ఆ ఆదివారం పొద్దున వాళ్ళకేం తెలుసు?

చి. శ్రీధర్‌కు,

హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాను చేసిన దాడి గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ మొదటి పేజీలోనే "అమెరికా మొద్దునిద్రలో ఉంది" అని తేల్చేశావు. నాకు పేచీ అక్కడే. ఎనభై ఏళ్ళ తర్వాత కూర్చుని ఎవర్నయినా మొద్దులనడం తేలికే కదా!

1941 డిసెంబరు 7, ఆదివారం. ఆ రేవున్న ఒవాహు ద్వీపం ఉత్తరపు కొసన ఓపానా రాడార్ దగ్గర ఇద్దరు కుర్ర సైనికులు, లాకార్డ్, ఇలియట్. ఏడింటికి డ్యూటీ అయిపోయింది. టిఫినుకి తీసుకెళ్ళాల్సిన ట్రక్కు రాలేదు. ఇలియట్ ఇంకా పని నేర్చుకుంటున్నాడు, ప్రాక్టీసు ఉంటుందని రాడార్‌ని ఆపకుండా ఉంచారు. 7.02కి తెర మీద ఎప్పుడూ చూడనంత పెద్ద గుర్తు కనబడింది. లాకార్డ్ ముందు మెషిన్ పాడైందనుకున్నాడు. తర్వాత ఫోన్ చేశారు.

అవతల లెఫ్టినెంట్ టైలర్. ఆ పనికి కొత్త. ఆ పొద్దున కాలిఫోర్నియా నుంచి బి-17 బాంబర్లు రావాలి. అవి వచ్చే రాత్రి హోనలూలూ రేడియో తెల్లవార్లూ పాటలు వేస్తుంది, పైలట్లు ఆ సిగ్నల్ పట్టుకుని దారి చూసుకుంటారు. డ్యూటీకి కారులో వస్తూ టైలర్ ఆ పాటలు విన్నాడు. అందుకే "దాని గురించి కంగారు పడకండి" అన్నాడు. ఆ రేడియోనే పట్టుకుని జపాను దళనాయకుడు ఫుచిదా కూడా దారి సరిచూసుకుంటున్నాడని అతనికెలా తెలుస్తుంది? నువ్వు టైలర్‌ని ఒక్క వాక్యంలో తిట్టేసి వదిలేశావు. ఆ పాట వినిపించు శ్రీధర్. అతని స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణేమో అని పాఠకుడికి గుబులు పుట్టాలి.

కారణాలకి నాలుగు పేరాలు ఖర్చు చేశావు. సామ్రాజ్యవాదం, జాతీయవాదం, అన్నీ వచ్చాయి. చమురు మాత్రం ఒక్క లైనులో పోయింది! జపాను వాడే చమురులో దాదాపు ఐదింట నాలుగు వంతులు అమెరికా అమ్మిందే. 1937 నుంచి చైనాలో యుద్ధం నడిపింది ఆ చమురుతోనే. 1941 జులైలో జపాను సైన్యం దక్షిణ ఇండోచైనాలో దిగింది. అమెరికా దాని ఆస్తులు స్తంభింపజేసింది, చమురూ ఆగిపోయింది. ఇక డచ్చివాళ్ళ ఈస్ట్ ఇండీస్ (ఇప్పటి ఇండోనేషియా) చమురు బావులు లాక్కోవాలి, లేదా చైనా నుంచి వెనక్కి రావాలి. బావుల మీదికి వెళ్తే పక్కనుంచి పొడవడానికి హవాయిలో అమెరికా నౌకాదళం ఉంది. జపాను నౌకాదళాధిపతి యమమోటో పథకం అక్కడ పుట్టింది.

రేవు లోతు పన్నెండు మీటర్లే. విమానం నుంచి వేసిన మామూలు టార్పెడో (నీటిలో దూసుకెళ్ళి ఓడని పేల్చేది) అయితే బురదలో కూరుకుపోతుంది. జపాను వాళ్ళు వాటికి చెక్క రెక్కలు బిగించారు. నీకు ఇంతకంటే మంచి వివరం దొరకదు, అది నీ వ్యాసంలో లేనే లేదు.

అంకెలు కుప్ప పోయకు. 2,403 మంది చనిపోయారని ఒక్కసారి చెప్పు. అందులో 1,177 మంది అరిజోనా ఓడవాళ్ళే. ముందురోజే ట్యాంకులు నింపుకున్న ఆ ఓడ నుంచి ఇప్పటికీ చమురు బొట్లు బొట్లుగా నీటి మీదికి తేలుతోంది. గట్టు మీది చమురు ట్యాంకుల్ని, రిపేరు షెడ్లని మాత్రం దాడిలో ముట్టుకోలేదు. విమానవాహక నౌకలు ఆ పొద్దున రేవులోనే లేవు. దెబ్బతిన్న 8 యుద్ధనౌకల్లో 6 మళ్ళీ పనిలోకి వచ్చాయి. దాడికొచ్చిన 6 విమానవాహక నౌకల్లో 4 ఆర్నెల్లకే పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర జరిగిన యుద్ధంలో మునిగాయి. కాబట్టి "ఘన విజయం" అన్న మాట కొట్టెయ్యి.

తర్వాతి కథ ఒక తంతి నుంచి మొదలుపెట్టి చూడు. అమెరికా సైనికాధిపతి జనరల్ మార్షల్ పంపిన హెచ్చరిక మామూలు టెలిగ్రామ్‌గా వచ్చింది. దాన్ని మోటార్ సైకిల్ మీద తెచ్చినవాడు జపాను మూలాలున్న హోనలూలూ కుర్రాడు. బాంబులు పడుతుండగా బయల్దేరాడు, దారిలో సైనికులు ఆపారు, తంతి అందేసరికి అంతా అయిపోయింది. తర్వాతి ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఉత్తర్వు వచ్చింది. పశ్చిమ తీరంలో అలాంటి మూలాలున్న దాదాపు 1,20,000 మందిని ఇళ్ళు ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టారు. దాడి జరిగిన హవాయిలో మాత్రం అంతమందిని పట్టలేదు. అక్కడ మూడోవంతు జనం వాళ్ళే, పనులు ఆగిపోతాయి మరి!

మన తీరం ఊసు నీ వ్యాసంలో లేదేం? 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. మా అమ్మమ్మది కాకినాడ. ఆవిడకి తారీఖు గుర్తుండేది కాదు. పొయ్యి మీద ఎసరు అలాగే వదిలేసి బండెక్కానని మాత్రం ఎన్నిసార్లు చెప్పేదో. మీ వైపు అలాంటి ముసలివాళ్ళు ఎవరైనా ఉంటే ఈ నెలలోనే వెళ్ళి కూర్చో.

రెండో ప్రతి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు. నా కళ్ళద్దాలు మార్చాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు