ఒక్కరే బ్రౌజర్ ఆట తయారుచేయాలంటే ఏ సాధనం ఎంచుకోవాలి?

జావాస్క్రిప్ట్ కొంత వచ్చు, ఒక్కరే ఒక 2డీ ఆట తయారుచేసి బ్రౌజర్‌లో అందరి చేతా ఆడించాలని ఉంది, ఫేజర్, గోడో, యూనిటీ అనే ఆట ఇంజిన్లలో (ఆటకు కావలసిన పునాది కోడ్ సిద్ధంగా ఇచ్చే సాధనాల్లో) దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. సూటిగా చెప్పాలంటే, జావాస్క్రిప్ట్‌లోనే రాసుకునే ఫేజర్. కొన్నేళ్లుగా చిన్న చిన్న బ్రౌజర్ ఆటలు ఒంటరిగా తయారుచేస్తున్న అనుభవంతో ఈ మాట అంటున్నాను. అయితే మీ ఆట స్వభావం కొంచెం మారినా ఈ జవాబు మారిపోతుంది కాబట్టి, దీనికి ఎలా వచ్చానో కూడా చెబుతాను.

బ్రౌజర్ ఆటకున్న అసలు బలం, లింకు నొక్కగానే మొదలుకావడం. ఇన్‌స్టాల్ చేసుకునే పని లేదు, ఖాతా తెరిచే పని లేదు. నొక్కిన క్షణానికీ ఆటలో మొదటి కదలికకూ మధ్య సమయాన్ని పెంచే ఏ సాధనమైనా ఆ బలాన్ని తగ్గించినట్టే. అందుకే కొత్త ఇంజిన్ ఏదైనా చూసేటప్పుడు దాని నమూనా ఆటల జోలికి వెళ్లను. ఖాళీ ప్రాజెక్టు ఒకటి తెరిచి, ఏమీ చేర్చకుండా వెబ్‌కు ఎగుమతి చేస్తాను, అంటే బ్రౌజర్‌లో నడిచే ఫైళ్లుగా మారుస్తాను. తర్వాత బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, నెట్ వేగం తగ్గించి, ఆ ఖాళీ తెర కోసమే ఎంత డేటా దిగిందో, ఎంతసేపు పట్టిందో చూస్తాను. ఫేజర్ 3 కుదించిన ఫైలు ఒక మెగాబైటుకు కాస్త అటూఇటూగా ఉంటుంది. సర్వర్ దాన్ని జీజిప్ పద్ధతిలో ఇంకా కుదించి పంపితే అందులో మూడో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. గోడో, యూనిటీల పద్ధతి వేరు. ఇంజిన్ మొత్తం వెబ్ అసెంబ్లీ (బ్రౌజర్ నేరుగా నడిపే బైనరీ కోడ్) రూపంలో దిగాలి కాబట్టి ఆట ఎంత చిన్నదైనా ఆ బరువు తప్పదు. గంటల తరబడి ఆడే పెద్ద ఆటకు అది సమస్య కాదు. ఐదు నిమిషాల ఆటకు మాత్రం పెద్ద భారమే.

గోడో మీద నాకు చాలా అభిమానం ఉంది. దాని ఎడిటర్‌లో దృశ్యాలు అమర్చుకోవడం ఎంతో హాయి, పైగా అది పూర్తిగా ఓపెన్ సోర్స్. కానీ గోడో 4 తొలి వెర్షన్లలో వెబ్ ఎగుమతి థ్రెడ్ల మీద, అంటే పలు పనులను ఒకేసారి నడిపే పద్ధతి మీద ఆధారపడేది. థ్రెడ్లు పనిచేయాలంటే షేర్డ్ అర్రే బఫర్ అనే ఉమ్మడి మెమరీ కావాలి, అది అందాలంటే పేజీని పంపే సర్వర్ రెండు ప్రత్యేక హెడర్లు (పేజీతో పాటు బ్రౌజర్‌కు పంపే సూచనలు) జతచేయాలి. హెడర్లు మార్చనివ్వని హోస్టింగ్‌లో పెడితే ఆట మొదలయ్యేదే కాదు. 2024 ఆగస్టులో వచ్చిన 4.3 వెర్షన్ థ్రెడ్లు లేకుండా ఎగుమతి చేసే వీలు కల్పించి ఈ చిక్కు తీర్చింది. గోడోయే ఎంచుకుంటే 4.3 లేదా ఆ తర్వాతిది తీసుకోండి. కోడ్ గోడో సొంత భాష జీడీస్క్రిప్ట్‌లోనే రాయండి, ఎందుకంటే 4.3లో సీషార్ప్ భాషలో రాసిన ప్రాజెక్టులను వెబ్‌కు ఎగుమతి చేయలేం. ఆటను డెస్క్‌టాప్‌లో కూడా విడుదల చేయాలన్న ఉద్దేశం ఉంటే నేను సైతం గోడో వైపే మొగ్గుతాను.

యూనిటీని చిన్న 2డీ బ్రౌజర్ ఆటకు సిఫారసు చేయను. బరువు సంగతి చెప్పాను కదా. దానికి తోడు 2023 సెప్టెంబరులో యూనిటీ సంస్థవారు ఇన్‌స్టాళ్ల లెక్కన రుసుము వసూలు చేస్తామని ప్రకటించి, ఏడాది తర్వాత ఆ ఆలోచన విరమించుకున్నారు. విరమించుకున్నా సరే, ఒంటరిగా పనిచేసేవారు ఎవరి చేతిలోని నిబంధనల మీద ఆధారపడుతున్నారో చూసుకోవాలి.

ఇంజిన్ అక్కరలేని ఆటలూ చాలా ఉన్నాయి, ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు. పేకముక్కలు, పదాల ఆటలు, క్విజ్‌లు, మలుపుల వారీగా సాగే వ్యూహాల ఆటలకు మామూలు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ చాలు. 2021లో వచ్చి అందరినీ ఆకట్టుకున్న వర్డిల్ అనే పదాల ఆట మొదట్లో జవాబుల జాబితాతో సహా బ్రౌజర్‌లోనే నడిచేది. నా పదాల ఆటలన్నీ ఇలాగే చేశాను. బటన్లు, కీబోర్డు, చూపు లేనివారికి తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సౌకర్యం అన్నీ బ్రౌజరే ఇస్తుంది. తెలుగులో ఆట చేయాలనుకుంటే ఇందులో ఇంకో లాభం ఉంది. ఒత్తులు, గుణింతాలు పేజీలో సరిగ్గా వస్తాయి. ఒక్కో అక్షరాన్ని బొమ్మగా పేర్చే బిట్‌మ్యాప్ ఫాంట్లలో అవి చెల్లాచెదురైపోతాయి.

వస్తువులు ఒకదాన్నొకటి ఢీకొనాలి, కెమెరా కదలాలి, తెర మీద వందల బొమ్మలు ఉండాలి అంటే మాత్రం ఫేజర్ లాంటిది కావాల్సిందే. వాంపైర్ సర్వైవర్స్ ఆట పుట్టింది ఫేజర్‌లోనే, యూనిటీకి తర్వాత మారింది. 3డీ కావాలంటే త్రీ.జేఎస్ ఉంది కానీ అది బొమ్మ గీయడం వరకే చూసుకుంటుంది. ఆటకు కావలసిన మిగతావి కూడా ఒకచోటే దొరకాలంటే బాబిలాన్.జేఎస్ గానీ ప్లేకాన్వాస్ గానీ చూడండి.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూస్తే, సాధనం మీకు ఏ పని తప్పిస్తుందో అర్థమవుతుంది. ప్రతి ఫ్రేముకు బొమ్మను 4 పిక్సెళ్లు జరపమని రాశారనుకోండి. 60 హెర్ట్జ్ తెర మీద, అంటే సెకనుకు 60 ఫ్రేములు చూపే తెర మీద, అది సెకనుకు 240 పిక్సెళ్లు పోతుంది. అదే కోడ్ 120 హెర్ట్జ్ ఫోనులో 480 పిక్సెళ్లు పోతుంది, అంటే ఆట రెట్టింపు వేగంతో నడుస్తుంది. అందుకని గత ఫ్రేము నుంచి గడిచిన సమయంతో గుణించాలి. అంతటితో అయిపోదు. ఆటగాడు ఇంకో ట్యాబ్‌కు వెళితే బ్రౌజర్ ఫ్రేములు ఇవ్వడం ఆపేస్తుంది. తిరిగి రాగానే గడిచిన సమయం ఒక్కసారిగా ఎన్నో సెకన్లుగా వచ్చిపడి, పాత్ర గోడను దాటి అవతల తేలుతుంది. దానికి గరిష్ఠ పరిమితి పెట్టాలి. ఫేజర్‌లో కదలికలు, ఢీకొనడాలు లెక్కించే ఆర్కేడ్ ఫిజిక్స్ మామూలుగా సెకనుకు 60 స్థిరమైన అడుగులతో నడుస్తుంది కాబట్టి ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. శబ్దం సంగతీ అంతే. ఆటగాడు తెరను తాకేదాకా బ్రౌజర్లు శబ్దాన్ని అనుమతించవు, ఆ తాళం తీసే పని ఫేజర్ చూసుకుంటుంది. అయినా మొదట్లో ‘ఆడండి’ అనే బటన్ ఒకటి పెట్టడం మేలు.

ఆట స్థితి దాచడానికి బ్రౌజర్‌లోనే డేటా ఉంచే లోకల్ స్టోరేజ్ చాలు, దాని పరిమితి సుమారు 5 మెగాబైట్లు. అయితే ఆటగాడు వారం పాటు సైటు ముఖం చూడకపోతే సఫారీ ఆ డేటాను తుడిచేస్తుంది. సాగదీసి ఆడే ఆటైతే, ప్రగతిని ఒక కోడ్ రూపంలో కాపీ చేసుకునే సౌకర్యం ఇవ్వండి. పలువురు కలిసి ఆడే ఆటను మాత్రం మొదటి ప్రాజెక్టుగా పెట్టుకోకండి. సర్వర్ నడపడం వేరే ఉద్యోగం.

నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టే విషయం ఇంకొకటి ఉంది. ఆట నియమాలను ఇంజిన్‌తో కలపకండి. ఒకప్పుడు బ్రౌజర్ ఆటలకు ఆధారమైన ఫ్లాష్‌కు మద్దతు 2020 డిసెంబరు 31తో ముగిసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరే ఆటలను నడపనివ్వలేదు. ఎందరి ఏళ్ల శ్రమో అలా ఆగిపోయింది. ఫేజర్ కూడా 2018లో మూడో వెర్షన్‌కు వచ్చినప్పుడు, రెండో వెర్షన్ కోడ్ దానిలో నడిచే వీలు లేకపోయింది. నా గళ్ల పజిల్‌లో గళ్లుండే పలక అంతా ఒక మామూలు అర్రే. ఒక ఫంక్షన్ ఆ పలకనూ ఆటగాడు వేసిన ఎత్తునూ తీసుకుని కొత్త పలకను తిరిగి ఇస్తుంది. ఆ ఫైలులో ఫేజర్ ఊసే ఉండదు. ఫేజర్ చేసేదల్లా ఆ పలకను గీయడం, వేలి కదలికను ఎత్తుగా మార్చి పంపడం. దీనివల్ల నియమాలను బ్రౌజర్ తెరవకుండానే పరీక్షించగలను, రేపు ఇంజిన్ మార్చాల్సి వచ్చినా ఆట గుండెకాయ చెక్కుచెదరదు.

ఇక మొదలుపెట్టడానికి టైప్‌స్క్రిప్ట్ (రకాల తనిఖీ ఉన్న జావాస్క్రిప్ట్), వీట్ (కోడ్‌ను బ్రౌజర్‌కు సిద్ధం చేసే సాధనం), ఫేజర్ చాలు. ఆటలోని పటాలు గీసుకోవడానికి టైల్డ్ అనే ఎడిటర్ ఉచితంగా దొరుకుతుంది. తెర మీద ఒక చతురస్రం కదలడం మొదలవగానే, బొమ్మలూ కథా ఏవీ లేకుండానే, దాన్ని జిప్ చేసి, ఆటలు పంచుకునే ఇచ్.ఐఓ సైటులో పెట్టి మీకు దొరికిన అతి పాత ఫోనులో తెరిచి చూడండి. ఇండెక్స్ ఫైలు జిప్‌లో పై స్థాయిలోనే ఉండాలి. పెట్టేముందు వీట్ అమరికల్లో ‘బేస్’ విలువను సాపేక్ష మార్గంగా, అంటే చుక్క తర్వాత స్లాష్‌గా మార్చండి. మార్చకపోతే ఫైళ్ల కోసం అది సైటు మూలంలో వెతుకుతుంది, మీ కంప్యూటర్‌లో చక్కగా నడిచిన ఆట అక్కడ ఖాళీ తెరగా కనిపిస్తుంది.