టెక్ సందేహాలు: సొంత ఈమెయిల్ సర్వర్ పెట్టుకోవచ్చా?

ఈ విడత సందేహాలన్నీ ఓపెన్‌సోర్స్ మెయిల్ సర్వర్ల గురించే. సొంతంగా పెట్టుకోవాలనుకునేవారు కొందరు, పెట్టుకుని తల పట్టుకున్నవారు కొందరు. రెండో రకం వారి ప్రశ్నలకే ఎక్కువ చోటు ఇచ్చాను.

మాది విత్తనాలు, ఎరువుల వ్యాపారం. పన్నెండు మంది సిబ్బంది. మెయిల్‌కు నెలనెలా తలకింత అని కట్టే డబ్బు మిగులుతుందని ఇంట్లో పాత కంప్యూటర్‌లో ఉబుంటు, దానిమీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ వేశాను. మాలో మేము పంపుకుంటే చేరుతున్నాయి. బయటివాళ్లకు ఒక్కటీ వెళ్లడం లేదు. ఎక్కడ పొరపాటు చేశాను? — గుంటూరు పాఠకుడు

పోస్ట్‌ఫిక్స్‌ను అనుమానించకండి. అడ్డం పడుతున్నది మీ బ్రాడ్‌బ్యాండ్ లైను అయి ఉంటుంది. మెయిల్ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది 25వ నంబరు పోర్టు మీద. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు ఊరందరికీ చెత్త మెయిళ్లు పంపకుండా ఇంటర్నెట్ కంపెనీలు చాలావరకు ఈ పోర్టును మూసే ఉంచుతాయి. బతిమాలి తెరిపించుకున్నా కష్టం తీరదు. ఇళ్లకిచ్చే ఐపీ అడ్రసుల నుంచి నేరుగా మెయిల్ రాకూడదన్న ఉద్దేశంతో స్పామ్‌హాస్ అనే సంస్థ ఒక జాబితా నిర్వహిస్తోంది. అవతలి సర్వర్లు ఆ జాబితా చూసి మీ ఉత్తరాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తాయి.

అందుకని సర్వర్‌ను అద్దెకు తీసుకోండి. డబ్బు కట్టే ముందు ఆ కంపెనీని రెండు సంగతులు అడగండి. 25వ పోర్టు బయటికి తెరిచి ఉంటుందా? రివర్స్ డీఎన్‌ఎస్ పెట్టుకోనిస్తారా? అమెజాన్ క్లౌడ్‌లో ఈ పోర్టు మూసి ఉంటుంది, దరఖాస్తు చేసుకుంటే తెరుస్తారు. గూగుల్ క్లౌడ్‌లో బయటికి వెళ్లే 25వ పోర్టు మీద ఆశ పెట్టుకోవద్దు. ఇక రివర్స్ డీఎన్‌ఎస్ అంటే, ఐపీ నంబరు చెప్పి 'ఇది ఎవరిది?' అని అడిగితే మీ సర్వర్ పేరు జవాబుగా రావడం. ఆ పేరును అడిగితే తిరిగి అదే నంబరు రావాలి. ఈ రెండూ పొసగకపోతే పెద్ద సర్వర్లు మిమ్మల్ని అనుమానంగానే చూస్తాయి.

అద్దె ఐపీకి గతం కూడా ఉంటుంది. నేను మొదటిసారి తీసుకున్న సర్వర్ ఏ కంపెనీదన్నది అనవసరం కానీ, ఆ ఐపీని నాకంటే ముందు వాడినవారెవరో దానికి చెడ్డపేరు తెచ్చి వెళ్లిపోయారు. నేను రాసిన మొదటి మెయిలే తిరిగొచ్చింది. అందుకే సర్వర్ చేతికి రాగానే, ఏమీ వేయకముందే, ఆ నంబరును బ్లాక్‌లిస్టుల్లో వెతికి చూడండి. ఉంటే వెంటనే మార్చుకోండి.

డబ్బు మిగులుతుందన్న ఒక్క కారణంతో మాత్రం ఈ పని చేయవద్దని నా సలహా. సర్వర్ అద్దె తక్కువే, దాని లాగ్‌లు (సర్వర్ రాసుకునే పని చిట్టాలు) చూస్తూ కూర్చునే మనిషి జీతమే ఎక్కువ. మీ ఉత్తరాలు మీ దగ్గరే ఉండాలన్న పట్టుదల ఉంటే మధ్యేమార్గం ఉంది. వచ్చే మెయిళ్లను మీ సర్వరే అందుకుంటుంది, వెళ్లేవాటిని మెయిల్ రిలే సేవ ఒకదానికి అప్పగిస్తుంది. పోస్ట్‌ఫిక్స్‌లో 'రిలేహోస్ట్' అనే అమరిక ఇందుకే ఉంది. పన్నెండు మంది కార్యాలయానికి నేనైతే ఇదే చెబుతాను.

పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ విడివిడిగా వేసుకోవాలా? మెయిల్‌కౌ లాంటి సిద్ధంగా ఉన్న కూర్పు తీసుకోవాలా? — వరంగల్ ఇంజినీరింగ్ విద్యార్థి

నేర్చుకోవడానికైతే విడివిడిగా, నలుగురికి వాడుకకు ఇవ్వడానికైతే కూర్పు. మీరు విద్యార్థి కాబట్టి మొదటి దారిలో ఒక్కసారైనా నడవండి. పోస్ట్‌ఫిక్స్‌ను వీట్సా వెనెమా ఐబీఎం పరిశోధనశాలలో ఉన్నప్పుడు రాశారు, 1998లో విడుదలైంది. అప్పటికి రాజ్యమేలుతున్న సెండ్‌మెయిల్ ఒకే పెద్ద ప్రోగ్రామ్. దానిలో ఒక్క లోపం దొరికితే సర్వరంతా దొంగ చేతికి వెళ్లేది. వెనెమా పనిని చిన్నచిన్న ప్రోగ్రాములుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి తన పనికి కావలసినంత అధికారమే ఇచ్చారు. ఆ నిర్మాణాన్ని చదవడమే భద్రతలో మంచి పాఠం. డవ్‌కాట్ పని వేరు. వచ్చిన ఉత్తరాలను పెట్టెల్లో భద్రపరిచి, మీ ఫోనుకూ కంప్యూటర్‌కూ చూపించేది అదే.

కూర్పుల్లో మెయిల్‌కౌ డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) మీద నడుస్తుంది, చేతికి అన్నీ అందిస్తుంది, కానీ 6 జీబీ ర్యామ్ అడుగుతుంది. మెయిల్-ఇన్-ఎ-బాక్స్ చిన్న సర్వర్ మీదే సర్దుకుంటుంది. కాకపోతే ఆ సర్వర్ మొత్తం తనదే కావాలంటుంది, పక్కన మీ వెబ్‌సైట్ ప్రయోగాలను ఒప్పుకోదు.

ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ పెట్టాను. అయినా మా మెయిళ్లు జీమెయిల్‌లో స్పామ్ ఫోల్డర్‌లోకే పోతున్నాయి. — హైదరాబాద్ నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్త

పోస్టు కవరు మీద ఒక చిరునామా, లోపలి ఉత్తరంలో మరో పేరు ఉండవచ్చు కదా. ఈమెయిల్ కూడా అంతే. కవరు మీది డొమైన్ వేరు, చదివేవారికి కనిపించే డొమైన్ వేరు. మీ డొమైన్ పేరుతో ఏయే సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ చూసేది కవరునే. డీకిమ్ ఉత్తరం మీద వేసే ముద్ర, ఆ ముద్రలో కూడా ఒక డొమైన్ పేరు ఉంటుంది. చదివేవారికి కనిపించే డొమైన్‌తో ఈ రెంటిలో ఒక్కటైనా సరిపోతోందా అని అడిగేది డీమార్క్. మీరు ఆ మూడోది చెప్పలేదు కాబట్టి పెట్టలేదనే అనుకుంటున్నాను. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దమొత్తంలో మెయిళ్లు పంపేవారికి ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి. గూగుల్ లెక్కలో పెద్దమొత్తం అంటే రోజుకు సుమారు 5,000. మీరు అన్ని పంపకపోయినా పెట్టుకోవడమే మేలు. మొదట 'నన్' (తప్పిన మెయిల్‌ను ఏమీ చేయవద్దు) విధానంతో మొదలుపెట్టి, వచ్చే నివేదికలు కొన్ని వారాలు చదవండి. మీ పేరుతో ఇంకెక్కడి నుంచి మెయిళ్లు వెళ్తున్నాయో బయటపడుతుంది. విరాళాల రసీదులు పంపే సేవను మీరే మరిచిపోయి ఉండవచ్చు. అన్నీ సర్దుకున్నాక, తప్పిన మెయిల్‌ను అనుమానంగా పక్కన పెట్టమనే 'క్వారంటైన్'కు మార్చండి.

మీరు పంపిన మెయిల్‌ను జీమెయిల్‌లో తెరిచి 'షో ఒరిజినల్' నొక్కితే మూడింటి ఫలితాలూ పైనే కనిపిస్తాయి. అక్కడ ఎస్‌పీఎఫ్ తప్పిందని ఉంటే ముందు డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉన్నాయేమో చూడండి. ఒక్కటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. ఆ ఒక్కదానిలోనూ పదికి మించి డీఎన్‌ఎస్ (డొమైన్ పేర్ల చిట్టా) వెతుకులాటలు ఉండకూడదు. డీకిమ్ తప్పితే తాళంచెవిని అనుమానించండి. 2048 బిట్ల తాళంచెవి పొడవైనది, డీఎన్‌ఎస్‌లో ఒక వరుసకు 255 అక్షరాలే పడతాయి కాబట్టి ముక్కలుగా పెట్టాలి. అతికించేటప్పుడు ఒక్క అక్షరం జారినా ముద్ర చెల్లదు.

మూడూ సరిగ్గా ఉన్నా మెయిల్ తిరిగొస్తుంటే ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ నంబరు) చూడండి. చాలామంది ఐపీవీ4 నంబరుకు రివర్స్ డీఎన్‌ఎస్ పెట్టి రెండోదాన్ని వదిలేస్తారు. సర్వర్ మాత్రం ఐపీవీ6 దారిలోనే జీమెయిల్‌కు వెళ్తుంది, అక్కడ తిరస్కారం ఎదురవుతుంది.

తెల్లవారేసరికి మా సర్వర్ క్యూలో నలభై వేల మెయిళ్లు! మేము పంపినవి కావు. సర్వర్‌లో వైరస్ పడిందా? ఆపేసి మళ్లీ మొదటి నుంచి వేయాలా? — విశాఖపట్నం నుంచి ఒక పాఠశాల కంప్యూటర్ ఉపాధ్యాయురాలు

తొందరపడి తుడిచేయకండి, ఆధారాలు పోతాయి. మొదట 'పోస్ట్‌సూపర్' ఆదేశంతో క్యూలోని మెయిళ్లన్నిటినీ నిలిపి ఉంచండి. అవి అక్కడే ఉంటాయి, బయటికి మాత్రం పోవు. తర్వాత వాటిలో ఏదో ఒక మెయిల్ క్యూ నంబరు తీసుకుని లాగ్‌లో వెతకండి. ఆ వరుసలో 'సాస్ల్ యూజర్‌నేమ్' అని మీవాళ్లలో ఒకరి పేరు కనిపిస్తే, వారి పాస్‌వర్డ్ దొంగల చేతిలో ఉందన్నమాట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పోస్ట్‌ఫిక్స్ కూడా పట్టలేదు. సరైన పాస్‌వర్డ్‌తో వచ్చినవాడిని అది మీ ఉపాధ్యాయుడిగానే గౌరవిస్తుంది.

పేరేమీ కనిపించకపోతే మీ సర్వర్ ఎవరి మెయిలునైనా ఎవరికైనా మోస్తూ ఉండవచ్చు. పోస్ట్‌ఫిక్స్ మొదటి అమరికలో ఇలా ఉండదు, మనమే చేసుకుంటాం. మెయిల్ వెళ్లడం లేదన్న చిరాకులో లాగిన్ అడగకుండా నమ్మాల్సినవారి జాబితా అయిన 'మైనెట్‌వర్క్స్' వరుసలో లోకమంతటినీ చేర్చేస్తాం. డాకర్‌లో మరో చిక్కుంది. కొన్ని అమరికల్లో బయటి నుంచి వచ్చినవారందరూ డాకర్ లోపలి అడ్రసుతోనే కనిపిస్తారు. ఆ అడ్రసును మనవాళ్ల జాబితాలో ఉంచితే తలుపు బార్లా తెరిచినట్లే.

మీది మొదటి రకమే, అంటే పాస్‌వర్డ్ పోయినదే అనుకుందాం. ఆ ఖాతా పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకండి. ఇప్పటికే లోపల ఉన్న కనెక్షన్లను డవ్‌కాట్ నుంచి తెంచేయండి. ఆ ఖాతాలో కొత్త ఫిల్టర్లేమైనా ఉన్నాయేమో చూడండి. వచ్చిన ప్రతి ఉత్తరం నకలు తమకు చేరేలా దొంగలు ఒక నియమం రాసి వెళ్తుంటారు, పాస్‌వర్డ్ మార్చినా అది పనిచేస్తూనే ఉంటుంది. తర్వాత ఆ పేరుతో ఉన్న మెయిళ్లను మాత్రమే చెరిపి, మిగతావాటిని బయటికి వెళ్లనివ్వండి. బ్లాక్‌లిస్టుల వారికి అర్జీ పెట్టడం అన్నిటికంటే చివర. ఇల్లు శుభ్రం కాకముందే అడిగితే మళ్లీ జాబితాకెక్కుతారు, రెండోసారి బయటపడటం ఇంకా ఆలస్యమవుతుంది.

మళ్లీ జరగకుండా ఏం చేయాలంటే, ఒక్కో ఖాతా గంటకు ఎన్ని మెయిళ్లు పంపవచ్చో స్పామ్ వడపోసే ఆర్‌స్పామ్‌డీ ప్రోగ్రామ్‌లో పరిమితి పెట్టండి. గంటకు వంద దాటి పంపే ఉపాధ్యాయులు మీ బడిలో ఎంతమంది ఉంటారు? ఈ ఒక్క అమరిక ఉండి ఉంటే నలభై వేలు కొన్ని వందల దగ్గరే ఆగేవి. లాగిన్‌ను, మెయిల్ యాప్‌లు పంపడానికి వాడే 587, 465 పోర్టులకే పరిమితం చేసి 25వ దాని మీద తీసేయండి. ఒకరి ఖాతాతో లాగిన్ అయి మరొకరి పేరుతో పంపే వీలు లేకుండా చేయండి. ఫెయిల్2బ్యాన్ తప్పకుండా వేయండి, కానీ దాని మీదే భారం వేయకండి. ఒకే ఐపీ నుంచి పదేపదే తప్పు పాస్‌వర్డ్ కొట్టేవాడిని అది పట్టేస్తుంది. వెయ్యి ఐపీల నుంచి రోజుకు ఒక్కో ప్రయత్నం చేసేవాడు దాని కంటికి ఆనడు.

వెబ్‌మెయిల్‌కు రెండంచెల లాగిన్ పెట్టి, ఫోన్లలోని మెయిల్ యాప్‌లకు వేరే పాస్‌వర్డులు ఇవ్వండి. ఆ వెబ్‌మెయిల్ రౌండ్‌క్యూబ్ అయితే దాని వెర్షన్ ఈ రోజే చూడండి. లాగిన్ అయినవారు సర్వర్‌లో తమ కోడ్ నడిపించగల లోపం ఒకటి దానిలో పదేళ్లుగా ఉండి 2025 జూన్‌లో బయటపడింది. 1.6.11, 1.5.10 వెర్షన్లలో సరిచేశారు. పాస్‌వర్డ్ ఒకటి పోయిన మీలాంటి సర్వర్‌లో ఇది పాతదిగా ఉంటే నేను పైన చెప్పినదంతా చాలదు. అప్పుడు మాత్రం మొదటి నుంచి వేసుకోవడమే మంచిది.

సర్టిఫికెట్ దానంతటదే కొత్తదైపోతుందని అన్నారు. అయినా ఫోన్లలో గడువు తీరిందని వస్తోంది. — డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు

తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని. లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలుగా 90 రోజులకు ఇచ్చే సర్టిఫికెట్‌ను సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ కొత్తది చేసి డిస్కులో పెట్టే ఉంటుంది. నడుస్తున్న డవ్‌కాట్ మాత్రం పాతదాన్నే పట్టుకుని కూర్చుంది. ఇప్పటికి దాన్ని రీలోడ్ చేయండి, ఇకముందు ఆ పని దానంతటదే జరిగేలా సర్ట్‌బాట్ 'డిప్లాయ్ హుక్'లో రాసుకోండి. గడువు దగ్గరపడుతోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇదివరకు మెయిల్ పంపేది, 2025 జూన్ నుంచి మానేసింది. కాబట్టి తేదీని మీ సర్వరే చూసి చెప్పే ఏర్పాటు కావాలి.

తెలుగు లిపిలోనే ఈమెయిల్ అడ్రస్ కావాలని మా నాన్నగారి కోరిక. సాధ్యమా? — తిరుపతి పాఠకుడు

సాధ్యమే. తెలుగులో డాట్ భారత్ డొమైన్లు ఉన్నాయి. పోస్ట్‌ఫిక్స్ 2015లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ఇలాంటి అడ్రసులను అర్థం చేసుకుంటుంది. జీమెయిల్ 2014 నుంచే వీటికి పంపుతుంది, వీటి నుంచి అందుకుంటుంది. డొమైన్ భాగంతో పేచీ లేదు, తెర వెనుక అది ఇంగ్లిషు అక్షరాల్లోకి మారిపోతుంది. చిక్కంతా ముందున్న పేరుతోనే. దారిలో ఏ ఒక్క సర్వర్ దాన్ని ఒప్పుకోకపోయినా మెయిల్ వెనక్కి వస్తుంది. చాలా వెబ్‌సైట్ల దరఖాస్తులు అసలు తీసుకోవు. అందుకని అదే పెట్టెకు ఇంగ్లిషు అక్షరాల్లో మరో అడ్రసు కూడా కట్టి ఉంచండి.

పేరు ఎంచుకునేటప్పుడు మధ్యలో పొల్లు రాని పేరు చూడండి. 'రాజ్‌కుమార్' అని విడిగా రాయాలంటే కంటికి కనబడని గుర్తు ఒకటి మధ్యలో పడాలి. అది లేకుండా టైపు చేస్తే 'రాజ్కుమార్' అవుతుంది, సర్వర్ లెక్కలో అది వేరే మనిషి. నాన్నగారి పేరు వెంకటేశ్వర్లు అయితే ఈ బాధ లేదు.