ఐదేళ్ల బాబు కూరలు, పళ్లు ముట్టకపోతే ఏం చేయాలి?

బాబు ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు, పెరుగన్నం తప్ప ఇంకేం ముట్టడం లేదని, పండు చేతికిస్తే పక్కన పెట్టేస్తున్నాడని రాశారు. మా పాప కూడా ఆ వయసులో అచ్చం ఇంతేనండి. ఇప్పుడు మూడో తరగతి, దొండకాయ వేపుడు అడిగి మరీ వేయించుకుంటోంది. రెండు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు కొత్త రుచిని అనుమానంగా చూడటం చాలా మామూలు. మీ పెంపకంలో లోపమని బెంగ పెట్టుకోకండి.

బడి నుంచి రాగానే ఏం తింటున్నాడో ముందు చూడండి. నాలుగింటికి బిస్కెట్లు, మిక్చర్, ఆరింటికి గ్లాసుడు పాలు పడితే ఎనిమిదింటికి కూర మీదకి మనసెలా పోతుంది? మా ఇంట్లో నాలుగింటి ప్లేటు పళ్లదే. జామకాయ ముక్కల మీద ఉప్పూ కారం చల్లి, ఆడుకునే చోట పెట్టి వచ్చేస్తాను, తినమని అడగను. జామలో వంద గ్రాములకి 200 మిల్లీగ్రాముల పైనే విటమిన్ సి ఉంటుంది, కమలాపండు కంటే ఎన్నో రెట్లు. ఎండాకాలం తాటిముంజలు, సువర్ణరేఖ మామిడి, వానలు పడ్డాక నేరేడు, ఆ తర్వాత సీతాఫలం. ఏ కాలానికి ఆ పండు తెస్తే ధరా అందుబాటులో ఉంటుంది, రుచీ బాగుంటుంది. జ్యూస్ మాత్రం వద్దు. పంచదార కలపకపోయినా పండ్లరసంలోని తీపిని తగ్గించాల్సిన చక్కెరల్లోనే లెక్కేస్తుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే ద్రాక్షని నిలువునా నాలుగు ముక్కలు కోసే ఇవ్వండి, గుండ్రంగా ఇస్తే గొంతులో అడ్డం పడొచ్చు.

రెండోది రైతుబజార్. విశాఖలో ఎంవీపీ కాలనీదో సీతమ్మధారదో, మీకు దగ్గరైన దానికి ఆదివారం పొద్దున్నే, రద్దీ పెరగక ముందే తీసుకెళ్లండి. చేతికి చిన్న సంచీ, కాస్త డబ్బు ఇచ్చి ఒక్క కూరగాయ వాణ్నే కొనమనండి. ఏది కొన్నా అదే వండాలి, అది మీ వైపు మాట. మా పాప పొట్లకాయ పొడుగు చూసి ముచ్చటపడి కొంది. ఇంటికొచ్చాక గోరుచిక్కుళ్లకి ఈనెలు తీయడం, బచ్చలాకు తుంచడం వాడికే ఇవ్వండి. తన చేత్తో తుంచిన ఆకు పప్పులో ఎక్కడుందో వాడే వెతుక్కుంటాడు.

వంట దగ్గర నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే: వాడు తినేదాన్నుంచే జరుపుకుంటూ వెళ్లాలి. ముద్దపప్పు తింటాడు కాబట్టి ముందు ఆనపకాయ పప్పు, బీరకాయ పప్పు, అలవాటయ్యాక పాలకూర పప్పు. దించాక నిమ్మరసం పిండితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి ఎక్కువగా అందుతుంది. బంగాళాదుంప వేపుడులో కాసిని దొండకాయ చక్రాలు, ఇంకోరోజు బెండకాయ, పైన నువ్వులపొడి. చాలామంది పిల్లలు వద్దనేది రుచిని కాదు, జారుడుగా ఉండే మెత్తదనాన్ని. అందుకే ఇగురు కూరల కంటే వేపుడు ముందు. పెరుగన్నంలో దానిమ్మ గింజలు, క్యారెట్ కోరు. కూర కనపడకుండా రుబ్బి దోసెపిండిలో కలిపేయమని కొందరు చెప్తారు, నాకది నచ్చదు. ఏం తింటున్నాడో తెలియని పిల్లాడికి ఆ రుచి ఎలా అలవాటవుతుంది? కాకరకాయ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

కంచంలో కొత్త కూర ఒక్క చెంచాడే వేయండి. తినకపోతే ఏమీ అనకండి, మళ్లీ రెండ్రోజులకి వేయండి. ఒకే కూర పదిసార్లు, ఒక్కోసారి పదిహేనుసార్లు ఎదురయ్యాక గానీ పిల్లలు ఒప్పుకోరు. మనం మూడోసారికే మానేస్తాం. ‘కూర తింటే చాక్లెట్ ఇస్తా’ అంటే చాక్లెట్ విలువ పెరుగుతుంది, కూర శిక్షలా కనిపిస్తుంది. ఫోన్ చూపిస్తూ ముద్దలు పెట్టడం మానమని నానమ్మ, అమ్మమ్మలకి మెల్లగా చెప్పండి. వాళ్లదీ ప్రేమే కదా, నొప్పించకుండా చెప్పాలి.

ఎంత తినాలంటే, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి పళ్లూ కూరలూ కలిపి రోజుకి కనీసం 250 గ్రాములు, ఆరు నుంచి తొమ్మిదేళ్లకి 350. ఒక అరటిపండు, జామకాయ ముక్కలు, రెండు పూటలా కాస్త కూర అంటే దగ్గర దగ్గరగా సరిపోతుంది. బరువు పెరగకపోయినా, ఏది నోట్లో పెట్టినా ఓకరిస్తున్నా, ఇదివరకు తినేవి కూడా ఒక్కొక్కటిగా మానేస్తున్నా ఇంటి చిట్కాలతో ఆగకండి, పిల్లల డాక్టరుకి చూపించండి.