కఠిన శిక్షలు వేస్తే మన దేశంలో అవినీతి తగ్గుతుందా?

లంచం తిన్నవాళ్లకు యావజ్జీవం వేస్తే తప్ప దేశం బాగుపడదని మీరు రాశారు. పెద్దవాళ్ల అవినీతి మీద ఫిర్యాదులు విచారించే లోక్‌పాల్ వచ్చినా ఏమీ మారలేదు ఎందుకని కూడా అడిగారు. శిక్షల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎందుకో చెప్పాలంటే ఒక ఊరి సంగతి చెప్పాలి.

2010 ఎండాకాలంలో, డిగ్రీ చదువుతుండగా, అనంతపురం జిల్లాలో ఉపాధి హామీ సామాజిక తనిఖీకి, అంటే ఆ పనుల లెక్కలు ఊరివాళ్లతోనే సరిచూసే పనికి వెళ్లాను. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలనే ఆ పనికి తీసుకునేవాళ్లు. సొంత ఊరికి మాత్రం పంపేవాళ్లు కాదు. మా అమ్మ కూడా కరువు పనికి పోయేది కాబట్టి నన్ను తీసుకున్నారు. మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) జిరాక్సులు పట్టుకుని ఇంటింటికీ తిరగాలి. ఏ వారం పనికి పోయారు, ఎంత వచ్చింది అని అడిగి పాస్‌బుక్కుతో సరిచూడాలి. రెండు రోజులు తిరిగినా ఎవరూ నోరు విప్పలేదు. ఫీల్డ్ అసిస్టెంటు ఆ ఊరివాడే, రేపు పని చూపించాల్సిందీ అతనే. ఇక వాళ్లేం మాట్లాడతారు?

మూడో రోజు రాత్రి బడి ముందు గ్రామసభ పెట్టాం. పగలైతే కూలికి పోతారు కదా. నేను మస్టరు చదవడం మొదలుపెట్టాను. చెరువు పూడికతీత, ఫలానా వారం, పేరు, ఎన్ని రోజులు, ఎంత డబ్బు. అందరూ తలలు వంచుకుని వింటున్నారు. ఒక పేరు చదవగానే వెనక నుంచి ఒక పెద్దమ్మ లేచింది. మేం ఇంటికి వెళ్లిన రెండుసార్లూ తాళం వేసి ఉన్న ఇల్లు ఆమెది.

"ఏ వారం అంటివి నాయనా?"

తేదీలు మళ్లీ చదివాను.

"ఆ వారం నేను ధర్మవరంలో ఉన్నా. నా కూతురు కాన్పు. ఆసుపత్రి వరండాలోనే పడుకున్నా."

పెద్దమ్మకు వయసైంది, మర్చిపోయి ఉంటుందని ఫీల్డ్ అసిస్టెంటు అన్నాడు. ఆమె అతనితో వాదించలేదు. నేరుగా ఇంటికి పోయి, రేషన్ కార్డుతో పాటు కవర్లో దాచుకున్న ఆసుపత్రి చీటీ తెచ్చి నా చేతికిచ్చింది. బిడ్డ పుట్టిన తేదీ సరిగ్గా ఆ వారం మధ్యలో ఉంది. అప్పుడు మస్టరు చూపించమంది. ఆమె పేరు పక్కన వేలిముద్ర ఉంది.

అది చూశాక ఆమె ముఖం మారిపోయింది. "నేను సంతకం చేస్తా. పొదుపు సంఘంలో చేరినాక నేర్చుకున్నా. దుడ్డు తిన్యాడు, తిననీ. నన్ను వేలిముద్రదాన్ని చేస్తాడా?" అని అందరి ముందూ గట్టిగా అడిగింది. ఆ మాటతో మిగతావాళ్లు కదిలారు. మాది చూడు, మాది చూడు అంటూ చుట్టూ చేరారు. సభ ముగిసేసరికి రాత్రి పదకొండు దాటింది. పని చేయకుండానే కూలి రాసిన పేర్లు పధ్నాలుగు తేలాయి.

తర్వాత మండలంలో ప్రజావేదిక, అంటే తనిఖీలో తేలినవి అందరి ముందూ విచారించే సభ జరిగింది. ఫీల్డ్ అసిస్టెంటును తీసేశారు, డబ్బు రికవరీ చేయమని రాశారు. ఎంత వసూలైందో నన్నడిగితే, చాలా తక్కువ. అతని వెనక మస్టర్లు పాస్ చేసిన పెద్ద చేతులకు ఏమీ కాలేదు. ఇది నాకు ఇప్పటికీ కోపమే. కానీ మళ్లీ ఏడాది ఆ ఊరికి తనిఖీకి పోయినవాళ్లు వచ్చి చెప్పారు, మస్టర్లు చాలావరకు సరిగ్గా ఉన్నాయని. జైలుకు భయపడి కాదు, ఊరి ముందు పేర్లు చదువుతారని తెలిసి. నేను నమ్మేది అదే.

ఇక లోక్‌పాల్. 2011లో రామ్‌లీలా మైదానంలో అన్నా హజారే దీక్ష చేసినప్పుడు మా కాలేజీ నుంచి మేమూ కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగాం. 2014 జనవరిలో చట్టం అమల్లోకి వచ్చింది. మొదటి లోక్‌పాల్‌ను వేసింది 2019 మార్చిలో. అయిదేళ్లు కుర్చీ ఖాళీ! అదీకాక అది ఢిల్లీలో ఫిర్యాదు తీసుకునే ఆఫీసు. ఆ పెద్దమ్మ అక్కడికి ఎలా పోతుంది?

పైస్థాయిలో కూడా పని చేసేది పేర్లు బయటపెట్టడమే. పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లు 2018 నుంచి నడిచాయి. ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఓటరుకు తెలియలేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది, మార్చిలో స్టేట్ బ్యాంకు వివరాలు ఇచ్చాక పేర్లు బయటికొచ్చాయి. అన్నేళ్లు టీవీల్లో అరిచినా తెలియని సంగతి ఆ జాబితా వచ్చిన రోజు తెలిసింది.

అంతా ఆన్‌లైన్‌లో ఉంది కదా, ఇంకేం కావాలి అనేవాళ్లతో నాకు తగువు. ఇంగ్లీషు పీడీఎఫ్‌లో ఉన్న పేరును కూలికి పోయే మనిషి ఎప్పుడు చదువుతుంది? ఉపాధి పనికి ఫోటో హాజరు యాప్ పెట్టారు. ఫోటోకే మళ్లీ ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. గ్రామసభలో ఆ పెద్దమ్మ ముందు ఇలాంటి ఫోటో పెట్టి చూడండి, నిమిషంలో పట్టేస్తుంది.

నాకు అసలైన టెన్షన్ ఇంకొకటి ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని సెక్షన్ 44(3)తో సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె)ను మార్చారు. ఇంతకుముందు ప్రజా పనితో సంబంధం లేని వ్యక్తిగత సమాచారానికే ఆ మినహాయింపు ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఇవ్వం అని చెప్పొచ్చు. మస్టరులో పేరు వ్యక్తిగతం కాదా? వేలిముద్ర వ్యక్తిగతం కాదా? ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని 8(2) ఉంది కదా అని లాయర్లు అంటారు. ఆ ప్రయోజనం ఉందో లేదో ముందుగా తేల్చేది కాగితం దాచుకోవాలనుకునే ఆఫీసే. కాదంటే అప్పీలు, దాని మీద మళ్లీ అప్పీలు. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఆ రెండో అప్పీలు వినే సమాచార కమిషనర్లే లేరు. అప్పట్లో రెండో అప్పీలు వేసినవాళ్లు ఎవరి దగ్గరికి పోవాలి?

మీరు శిక్షల గురించి ఆలోచిస్తున్నారు కాబట్టి ఒక పని చేయండి. మీ పంచాయతీలో గత ఏడాది జరిగిన ఒక్క పనికి ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం), బిల్లుల కాపీలు సమాచార హక్కు కింద అడగండి. మన తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. వచ్చాక ఫేస్‌బుక్‌లో పెట్టకండి, గ్రామసభలో పైకి చదవండి. దరఖాస్తు రాయడం రాకపోతే కామెంట్‌లో అడగండి, నేను రాసిస్తాను.