హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ పిల్లలు పెట్టే బొమ్మల ఎగ్జిబిషన్‌కి బయటివాళ్ళని రానిస్తారా? వెళ్ళినా మాకేం అర్థమవుతుంది?

రానిస్తారు. నేను బ్యాంకు ఉద్యోగిని, బొమ్మల్లో ఓనమాలు తెలియవు. యూనివర్సిటీ పక్కనే నల్లగండ్లలో ఇల్లు కాబట్టి హెచ్‌సీయూ (అదే సెంట్రల్ యూనివర్సిటీ)లో కళల విభాగమైన సరోజినీ నాయుడు స్కూల్లో ఫైన్ ఆర్ట్స్ పిల్లలు ఎగ్జిబిషన్ పెట్టారని తెలిస్తే అటు వెళ్తుంటాను. టికెట్ ఉండదు. గేటు దగ్గర సెక్యూరిటీ అడిగితే ఎక్కడికో చెప్పడానికి, చూపించడానికి ఏదో ఒక ఐడీ కార్డు దగ్గరుంచుకోండి. క్యాంపస్ చాలా పెద్దది, ఎండలో నడక పెట్టుకోకుండా బండి మీద వెళ్ళండి.

ఇక అర్థం కావడం సంగతి. మ్యూజియంలో బొమ్మ గోడకుంటుంది, గీసినవాళ్ళు ఎక్కడుంటారో తెలీదు. ఇక్కడ గీసినమ్మాయి ఆ పక్కనే స్టూలేసుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చునుంటుంది. "దీనర్థం ఏంటమ్మా?" అని మాత్రం అడక్కండి, వైవాలో జవాబులా ఏదో ఒప్పజెప్పేస్తారు పాపం. "ఎలా చేశావు?" అనండి, ఇక ఆపరు.

ఒకసారి ఎచింగ్, అంటే లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసే పని, చేసే అమ్మాయిని అలాగే అడిగాను. జింకు రేకు మీద మైనంలాంటి పూత పూసి, దాని మీద సూదితో గీస్తారట. తర్వాత నీళ్ళు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో ముంచితే పూత లేచిపోయిన గీతల దగ్గరే లోహం కరుగుతుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతవుతుంది, కాగితం మీద అంత నల్లగా పడుతుంది. పూత తీసేసి, గీతల్లోకి ఇంకు కూరి, పైపైన గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం వేసి ప్రెస్‌లో తిప్పుతారు. ఫ్రేము కట్టని ప్రింటొకటి తెచ్చి, వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూపించింది: బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి దిగిన గుర్తు, గీతలేమో కాస్త పైకి లేచి ఉన్నాయి. కింద పెన్సిల్‌తో 2/5 అని ఉంటే మార్కులనుకునేరు! అయిదు కాపీల్లో రెండోదని.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో చదివి, తర్వాత ఇదే స్కూలుకి డీన్‌గా చేసిన లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్‌లని అంతకుముందూ చూశాను, మేకలు, పల్లె మనుషులు అనుకుని వచ్చేశాను. ఆ అమ్మాయి చెప్పాక వాటిలో గీతల్ని చూడ్డం మొదలుపెట్టాను.

అక్కడ బొమ్మల గురించి జరిగే ఉపన్యాసాలూ ఉచితమే, కాకపోతే ఎక్కువగా ఇంగ్లీషులోనే. రాసుకొచ్చిన పేపరు తలెత్తకుండా చదివేవి నాకైతే నిద్రే. ఆర్టిస్టు తన పనినే స్లయిడ్లేసి చూపిస్తున్నారంటే మాత్రం వదలకండి.

ఎప్పుడు పెడతారంటే, ఆఖరి సంవత్సరం వాళ్ళ ప్రదర్శన చదువు ముగిసే రోజుల్లో, వేసవి వైపు పడుతుంది. తేదీలకి యూనివర్సిటీ వెబ్‌సైటు, డిపార్ట్‌మెంట్ సోషల్ మీడియా పేజీలు చూస్తుండండి. సిటీ మధ్యలో ఉండేవాళ్ళకైతే మాసబ్ ట్యాంక్ దగ్గర జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) వాళ్ళ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఉంది. 1940లో మొదలైన కాలేజీ అది, ఫొటోగ్రఫీ, యానిమేషన్ కూడా నేర్పుతారు.

నచ్చింది కొనొచ్చా అని అడగడానికి మొహమాటపడకండి. ఎచింగ్ లాంటి ప్రింట్లకి ఒకటికి మించి కాపీలుంటాయి కాబట్టి ఇచ్చే వీలెక్కువ. గోడ మీదదే కావాలంటే మాత్రం మార్కులేసే ఎగ్జామినర్లు చూసి వెళ్ళేదాకా ఆగాలి.